ఆముదపు చెట్టు దినచర్య

పిల్లలూ! ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని పెద్దలు వేళాకోళంగా అంటూ ఉంటారు. ఆ మహావృక్షాన్ని మీరంతా చూసే ఉంటారు. చాచిన అరచెయ్యి లాంటి వెడల్పు ఆకు, లోపల గుల్లగా ఉండే కాండం, కొసన ముళ్లకాయల గెల. ఈ నెల ఆ చెట్టును గురించి మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను.

కార్తికమాసంలో మీరొక ఆముదపు చేనికి వెళ్లారనుకోండి. గెలలు ఎండి ఉన్నవి. ఏ చెట్టు ముందు పూసిందో, ఏది పదిహేను రోజులు ఆలస్యంగా పూసిందో చెప్పటానికి అక్కడ ఎవరూ లేరు. చెట్టును చూసి మీరే చెప్పగలరా?

చెప్పవచ్చు. నేలదగ్గర మొదలుపెట్టి, మొదటి గెల వరకు కాండం మీద ఉన్న కణుపులను లెక్కపెట్టండి. ప్రతి కణుపూ ఒక ఆకు పుట్టిన చోటు. ఆకు రాలిపోయినా దాని మచ్చ పోదు. మొదటి గెల కాండం కొసన వస్తుంది. అంటే వెయ్యవలసిన ఆకులన్నీ వేసిన తరువాతగాని కాండం గెల వెయ్యదు. కనుక పన్నెండు కణుపుల పైన గెల వేసిన చెట్టు, పదహారు కణుపుల పైన వేసిన చెట్టు కన్న సాధారణంగా ముందు పూసి ఉంటుంది. చెట్టు తన దినచర్యను తన ఒంటి మీదనే రాసి ఉంచుకున్నదన్న మాట!

మనకు కనిపించని సంగతిని కనిపించే సంగతి చేత చెప్పించటమే ఇందులోని కిటుకు. ఇట్లా రెండు గుణాలు జంటగా నడవటాన్ని సహసంబంధం అంటారు. పేరు బరువుగా ఉన్నా విషయం తేలికైనదే. కొత్త వంగడాలను తయారుచేసే శాస్త్రజ్ఞులకు ఇది చేతికర్ర వంటిది. వేలకొద్దీ మొక్కలలో విత్తనానికి పనికివచ్చే పదింటిని ఏరుకోవాలి. ప్రతి మొక్కకూ ప్రతి పరీక్షా చెయ్యటం అయ్యే పని కాదు గదా!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఇప్పుడు మూడు జిల్లాలు. 2016కు ముందు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. కృష్ణా తుంగభద్రలు పక్కనే పారుతున్నా, ఇక్కడి ఎర్రచెల్కలు ఆకాశం వైపే చూసేవి. వాన కురిస్తే పంట, లేకపోతే లేదు. అటువంటి చెల్కలలో ఎక్కువ పెట్టుబడి అడగకుండా నాలుగు డబ్బులు తెచ్చే పంట ఆముదం. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల నీళ్లు వచ్చిన చోట్ల వరి, పత్తి పెరిగి ఆముదం తగ్గిపోయింది. నీళ్లు అందని చెల్కలలో మాత్రం ఇంకా కనిపిస్తుంది. నాగర్‌కర్నూలు జిల్లా పాలెంలో ఒక వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నది. క్రాంతి, హరిత, కిరణ్ అనే ఆముదం రకాలు అక్కడివే. క్రాంతికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న గుర్తు పి.సి.ఎస్. 4. ఆ మొదటి అక్షరం పాలెందే.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను.

నేను వనపర్తి ప్రాంతంలో ఒక పల్లె బడిలో పనిచేసే రోజులలో, బడి వెనుక నాలుగు గుంటల జాగాలో పిల్లల చేత ఆముదం వేయించేవాణ్ణి. ఒక ఏడు గెలలు ఎండిన తరువాత తొమ్మిదో తరగతి పిల్లలను పిలిచి, “మంచి గెలలు చూసి విత్తనానికి తీయండి” అన్నాను. మగపిల్లలు పోటీలు పడి, ఖాళీ లేకుండా కాయలు దట్టంగా అతుక్కుని ఉన్న పెద్దపెద్ద గెలలను కోసుకు వచ్చారు. ఒక అమ్మాయి మాత్రం కాయకూ కాయకూ నడుమ సందున్న పలచని గెలను తెచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే చెప్పాలి.

“ఇదెందుకు తెచ్చినవమ్మా?” అని అడిగాను.

“మా తాత ఇత్తనానికి ఇట్లాంటిదే తీస్తడు సార్. వాన వడ్డా ఇది జల్ది ఆరుతది” అన్నది.

సరేనని ఆమె గింజలకు చివర రెండు సాళ్లు ఇచ్చాను. మిగిలిన సాళ్లన్నీ పెద్ద గెలల గింజలే.

మరుసటి వానాకాలం రెండు సంగతులు జరిగాయి. అన్నిటికన్న పెద్ద గెల ఏ చెట్టుదో దాని పిల్లలు పక్క సాళ్ల చెట్ల కన్న ఒక్క వేలెడు కూడా ఎక్కువ పెరగలేదు. ఎందుకా అని ఆలోచిస్తే, ఆ తల్లి చెట్టు పెంటకుప్ప పక్కన మొలిచిందని ఒక కుర్రవాడు గుర్తుచేశాడు. దాని గొప్పతనం ఎరువుది. గింజలో లేనిది పిల్లలకు ఎట్లా వస్తుంది?

రెండవ సంగతి, గెలలు పాలుపోసుకునే సమయంలో వాయుగుండం పట్టి అయిదు రోజులు విడవకుండా వాన కురిసింది. దట్టమైన గెలలలో నీళ్లు నిలిచి కాయకుళ్లు తెగులు పట్టింది. మొదట కాయల మీద నీలిరంగు మచ్చలు, తరువాత దూది అంటించినట్టు బూజు, ఆ తరువాత గెల అంతా చేతికి మెత్తగా తగలటం. ఆ అమ్మాయి సాళ్లలో తెగులు బొత్తిగా రాలేదని నేననను. కొన్ని కాయలకు వచ్చింది. కాని గాలి ఆడి గెలలు ఆరిపోయి చాలావరకు దక్కాయి.

రెండు సాళ్లను ఒక్క ఏడు చూసి శాస్త్రం రాయకూడదు. కాని కాయకుళ్లు తెగులును గురించి పనిచేసినవారు కూడా ఈ మాటే చెబుతారు. గెల దట్టంగా ఉన్న రకాలకు, కాయ మీద ముళ్లు ఎక్కువ ఉన్న రకాలకు ఈ తెగులు ఎక్కువ. గెల పలచగా, కాయ నున్నగా ఉంటే తక్కువ. ఆ తాత బడికి వెళ్లాడో లేదో నాకు తెలియదు. కాని సహసంబంధం ఆయనకు తెలుసు.

అసలు ఈ సంబంధాన్ని కొలవవచ్చని కనిపెట్టినది ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు ఆయన. ఆయన కూడా గింజలతోనే మొదలుపెట్టాడు. 1875లో బఠాణీ జాతి పూలమొక్క ఒకదాని గింజలను సైజులవారీగా వేరుచేసి, పొట్లాలు కట్టి స్నేహితులకు పంచి వారి తోటలలో వేయించాడు. కాపు వచ్చిన తరువాత గింజలను తిరిగి తెప్పించుకుని కొలిచాడు. పెద్ద గింజల పిల్లలు పెద్దవే, కాని తల్లి అంత పెద్దవి కావు. చిన్న గింజల పిల్లలు చిన్నవే, కాని తల్లి అంత చిన్నవి కావు. మా పెంటకుప్ప చెట్టుకు పట్టిన గతే, కొంచెం మెత్తగా! తరువాత 1888లో మనుషుల ఎత్తూ ముంజేతి పొడవూ ఎంతవరకు జంటగా నడుస్తాయో కొలిచి చూపాడు. దానికి నేటికీ వాడే సూత్రాన్ని 1896లో కార్ల్ పియర్సన్ ఇచ్చాడు.

ఆ సూత్రం మీకు కాలేజీలో వస్తుంది. ఇప్పుడు వేళ్ల మీద చెయ్యగలిగిన లెక్క ఒకటి చెబుతాను.

అయిదు ఆముదపు చెట్లను తీసుకుందాం. మొదటి గెల దాకా వాటి కణుపులు వరుసగా 11, 12, 14, 15, 17. అవి పూసిన రోజులు, విత్తిన నాటినుంచి లెక్కపెడితే, వరుసగా 45, 44, 51, 56, 60. ఇప్పుడు చెట్లను రెండేసి చొప్పున జతలు కట్టండి. అయిదు చెట్లకు పది జతలు వస్తాయి. ప్రతి జతలోనూ ఒకటే ప్రశ్న: కణుపులు ఎక్కువ ఉన్న చెట్టే ఆలస్యంగా పూసిందా? అవునంటే “కలిసిన జత”. కాదంటే “ఎదురు తిరిగిన జత”. ఇక్కడ 11 కణుపుల చెట్టు 45వ రోజున పూస్తే 12 కణుపుల చెట్టు 44వ రోజునే పూసింది. అది ఎదురు తిరిగింది. మిగిలిన తొమ్మిదీ కలిశాయి. తొమ్మిదిలోనుంచి ఒకటి తీసివేస్తే 8. దానిని మొత్తం జతలు పదితో భాగిస్తే 0.8.

జతలన్నీ కలిస్తే 1 వస్తుంది. అన్నీ ఎదురు తిరిగితే ఒకటికి ముందు ఋణం గుర్తు వస్తుంది. అప్పుడు కూడా సంబంధం గట్టిదే సుమా! ఒకటి పెరిగితే రెండవది తగ్గుతుందన్న మాట. సగం కలిసి సగం ఎదురు తిరిగితే సున్న. అప్పుడు ఒకదాన్ని చూసి రెండవదాన్ని చెప్పటం, సోదె చెప్పటం ఒకటే. ఈ జతల లెక్కను 1938లో మారిస్ కెండాల్ అనే ఆయన ప్రచురించాడు.

ఈ లెక్క చేతిలో పట్టుకుని మళ్లీ ఆముదపు చేనికి పోదాం.

లేత మొక్క కాండం మీద వేలితో రాచి చూడండి. కొన్నిటికి తెల్లని బూడిద వంటిది అంటుకుని వస్తుంది. అది ఒకరకం మైనపు పూత. కొన్ని మొక్కలకు అసలు ఉండదు. కొన్నిటికి కాండం మీదా కాడల మీదా ఉంటుంది. కొన్నిటికి ఆకు అడుగున కూడా, మరి కొన్నిటికి ఆకు పైన కూడా ఉంటుంది. పూత ఎక్కువగా ఉన్న మొక్కలకు పచ్చదోమ బాధ తక్కువ. దోమ రాకముందే, మొక్క చిన్నగా ఉండగానే, ఇది దోమకు తట్టుకునేదా కాదా అని వేలితో రాచి తెలుసుకోవచ్చునంటే ఎంత కాలం కలిసివస్తుందో చూడండి! కాని సంబరపడవద్దు. తెల్లదోమ విషయంలో కథ అడ్డం తిరుగుతుంది. దానికి పూత తక్కువ ఉన్న మొక్కలే నయమని గమనించారు. ఒక శత్రువుకు తలుపు వేస్తే ఇంకొకరికి కిటికీ తెరిచినట్టయింది. ఏ ఊళ్లో ఏ దోమ బాధ ఎక్కువో తెలిసినవారే అక్కడ ఏ మొక్కను తీయాలో చెప్పాలి.

కాండం రంగు మాత్రం గుర్తు పట్టటానికే తప్ప దిగుబడి చెప్పేందుకు నమ్మకమైన సాక్షి కాదు. ఎర్రకాండం చెట్టు చూడముచ్చటగా ఉంటుంది, అంతే. గింజ పెద్దదైతే అందులో నూనె పాలు కూడా ఎక్కువే ఉంటుందని కూడా అనుకోవద్దు. నూనెను పిండి కొలవవలసిందే.

కణుపుల సంగతికి వద్దాం. కణుపులు ఎక్కువైతే పూత ఆలస్యం. ఆలస్యంగా పూసే చెట్టు ఆలోపల బాగా పెరిగి బలం కూడగట్టుకుంటుంది. నీళ్లు ఉన్నచోట అది లాభమే. గుజరాతులో ఆముదానికి నీళ్లు పెడతారు. అక్కడ పంట నెలల తరబడి చేనులో ఉండి, ఒక గెల తరువాత ఒక గెల కోయించుకుంటుంది. 1968లో జి.సి.హెచ్. 3 అనే మొదటి సంకర ఆముదం అక్కడినుంచే వచ్చింది. మన చెల్కలలో అట్లా కాదు. దసరా దాటితే వాన నమ్మకం లేదు. ఆలస్యంగా పూసిన చెట్టు గింజ కట్టే వేళకు నేలలో తడి ఉండదు. ఇక్కడ తక్కువ కణుపుల చెట్టే రైతును కాపాడుతుంది. అదే సంబంధం, అదే లెక్క, కాని ఒకచోట పెద్ద అంకెను కోరుకోవాలి, మరొకచోట చిన్న అంకెను.

మన పూర్వపు ఆముదాలు చేనులో ఎంతకాలం ఉండేవో చెబితే మీరు నమ్మరు. హెచ్.సి. 6 అనే పాత హైదరాబాదు రకం తొమ్మిది నెలల పంట. 1960ల ప్రాంతంలో దాని గింజలను న్యూట్రాన్ కిరణాలకు గురిచేసి, వచ్చిన మొక్కలలో త్వరగా కాసేవాటిని ఏరి, నాలుగు నెలల చిల్లరలో పండే “అరుణ” అనే రకాన్ని తీశారు. తొమ్మిది నెలల పంట అంటే జ్యేష్ఠంలో వేసి ఫాల్గుణం దాకా కాపలా కాయటం. మేకలను తోలలేక ప్రాణం పోయేది!

ఇప్పుడొక చిక్కు. దిగుబడి కావాలి. త్వరగా పండాలి. గెల మరీ దట్టంగా ఉండకూడదు. గెలలో కాయలు మాత్రం ఎక్కువ ఉండాలి. దోమకు తట్టుకోవాలి. ఒకదానికోసం పోతే ఒకటి చెడుతున్నది. చలిదేశాలలో ఓట్సు పండించేవారికీ ఇదే తంటా. పశువులకు గడ్డి ఎక్కువ రావాలని పొడుగు పైరును తీస్తే, గాలికి అది నేల మీద పడుకుంటుంది. మరి దేనిని చూసి ఏరాలి?

మీ పరీక్షలనే తలుచుకోండి. ఒక్క లెక్కల మార్కులు చూసి మొదటివాడెవరో చెప్పము గదా! అన్నీ కూడుతాము. మొక్కకు కూడా అట్లాగే ఒక్కొక్క గుణానికి మార్కులు వేసి కూడవచ్చు. అయితే ఏ సబ్జెక్టుకు ఎన్ని మార్కులు? ఇక్కడే సహసంబంధం పనికివస్తుంది. దిగుబడితో గట్టిగా కలిసి నడిచే గుణానికీ, తల్లినుంచి పిల్లకు నమ్మకంగా దిగే గుణానికీ ఎక్కువ బరువు. ఎరువును బట్టి, వానను బట్టి మారిపోయే గుణానికి తక్కువ. 1936లో ఫెయిర్‌ఫీల్డ్ స్మిత్ అనే ఆయన ఈ బరువులను లెక్క కట్టే పద్ధతి చూపించాడు. దాని గణితాన్ని ఇంకా ముందుకు నడిపినవారిలో మన తెలుగువారు సి.ఆర్. రావుగారు ఒకరు. ఆయన 1920లో హడగళిలో పుట్టారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదువుకుని, కలకత్తాలోని గణాంక సంస్థలో చేరారు. 1953లో “సంఖ్య” అనే పత్రికలో మొక్కలనూ జంతువులనూ ఏరుకునే ఈ లెక్కను గురించే ఒక వ్యాసం రాశారు. నూరేళ్లు దాటి బతికి, 2023లో కాలం చేశారు.

మా బడి తోటలో మాకు అంత గణితం లేదు. కాని ఒక ఉపాయం దొరికింది. 1961లో గార్డ్‌నర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మొక్కజొన్న చేనులో చేసిన పని అది. చేనంతా ఒకటే అనుకుని పెద్దవాటిని ఏరితే, బలమైన నేల ఉన్న మూలనుంచే అన్నీ వస్తాయి. అందుకని చేనును చిన్నచిన్న గళ్లుగా విడదీసి, ఏ గడికి ఆ గడిలో మంచి మొక్కను తీయాలి. పెంటకుప్ప పక్క చెట్టు తన పక్క చెట్లతోనే పోటీ పడాలి. దూరపు మూలన గులకనేలలో మొలిచినదానితో కాదు.

మరుసటి ఏడు తాళ్లు కట్టి చేనును పన్నెండు గళ్లు చేశాము. గడికి ఒక చెట్టు. కణుపులకు ఇన్ని మార్కులు, గెలలో కాయలకు ఇన్ని, పలచదనానికి ఇన్ని అని పిల్లలే నిర్ణయించుకున్నారు. పలచదనానికి మార్కులు వేసే పనిని ఆ అమ్మాయికే అప్పగించారు. గెలను వెలుగుకు ఎదురుగా పట్టుకుని అవతలి ఆకాశం ఎంత కనిపిస్తుందో చూసి వేసేది. ఆముదం గాలికి పరపరాగం చెందే పంట కనుక తల్లి తెలిసినా తండ్రి ఎవరో తెలియదు. అందుచేత మా ఎన్నిక ఒక్క ఏట ఫలించలేదు. మూడు పంటలు గడిచేసరికి పూత ముందుకు జరిగిందని మా నోటుబుక్కులో లెక్కలు తేలాయి. ఒక మాట: కంపెనీ సంచిలో కొన్న సంకరవిత్తనం పంటనుంచి ఇట్లా విత్తనం తీయవద్దు. రెండవ తరంలో గుణాలు చెదిరిపోతాయి.

మీరు చెయ్యవలసిన పని ఇది. నాన్నగారితోగాని తాతగారితోగాని ఒక ఆముదపు చేనికి వెళ్లండి. చేను దొరకకపోతే కంచె పక్కన వాటంతట అవి మొలిచినవైనా సరే. పది చెట్లకు చీటీలు కట్టి, ఒక్కొక్కదానికి మొదటి గెల దాకా కణుపులు, ఆ గెలలో కాయలు లెక్కపెట్టి రాసుకోండి. పది చెట్లకు జతలు నలభైయైదు. కాయలను కోయవద్దు. ఆముదపు గింజ విషం. పొరపాటున కూడా నోట పెట్టుకోరాదు, చిన్న తమ్ముళ్లను దగ్గరకు రానివ్వరాదు. పని అయిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

కలిసిన జతలెన్నో, ఎదురు తిరిగినవెన్నో లెక్క తేలిన తరువాత, ఎదురు తిరిగిన జతల దగ్గరకు మళ్లీ ఒకసారి వెళ్లండి. ఆ చెట్టు కింద నేల తవ్వి చూడండి. పక్కన బాయి ఉన్నదేమో, పశువులను కట్టిన చోటేమో, తెగులు పట్టిన గుర్తులున్నవేమో చూసి, లెక్క పక్కనే అది కూడా రాయండి.